ఎండ పాట

మాగాయ ముక్కలు ఊట పిండి పెట్టి రెండు రోజులైనా, మంగాయమ్మ డాబా మీద ఎండ పొడ తగల్లేదు. ప్రతి ఇంటి పిట్టగోడకీ మబ్బుల ఆఫీసు బిగించిన చెవులు ఏ పాట ఎక్కువగా వింటే, జనానికి ఆ పాట పేరులోని వాతావరణమే కావాలని నమ్మి, అదే పంపుతుంది ఆ ఆఫీసు. పేరులో వాన ఉన్న పాటలు కొల్లలు. వీధంతా పొద్దస్తమానం అవే. ఎండ పేరుతో ఒక్కటి దొరికితే ఒట్టు.

"ఎండలో ఎవరు ప్రేమించుకుంటారు పిన్నీ?" అని నవ్వింది పక్కింటి పుష్పవల్లి.

"నవ్వవే నవ్వు! ముక్కలు బూజు పడితే ఏడాదంతా నా మాగాయ కోసం గిన్నె పట్టుకొచ్చేది నువ్వే."

పుష్పవల్లి నవ్వు ఆగిపోయింది.

మంగాయమ్మ దంపుళ్ల పాట వరసలో "ఎండమ్మా, రావమ్మా" అని గొంతెత్తింది. పుష్పవల్లి దాన్ని ఫోనులో రికార్డు చేసి, 'ఎండ పాట' అని పేరు పెట్టి ఇంటింటికీ పంపింది. ఆరని బట్టలతో విసిగిపోయిన వీధంతా దాన్నే మోగించింది. మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది.

ముక్కలు చాప మీద పరిచి, "హమ్మయ్య" అని చతికిలబడింది మంగాయమ్మ. చెమట తుడుచుకుంటూ హాయిగా కూనిరాగం అందుకుంది. అది వాన పాటని రెండో చరణంలో గానీ తెలియలేదు. గబుక్కున కొంగు నోట్లో కుక్కుకుని ఆకాశం వంక చూసింది.