రంజన్ పెంకు

ఎండాకాలానికని తెచ్చిన కొత్త మట్టి రంజన్‌లో చెంబుడు నీళ్లయినా పోయలేదు. అయిదో నెల గర్భిణి, మా కోడలు తిరుమల, దాన్ని పగలగొట్టి పెంకులు నములుతూ మా ఇంటావిడ బిక్షమ్మకు దొరికిపోయింది.

"గాలి సోకింది నీకు! ఇయ్యాల్నే హాలియా బస్సెక్కి తల్లిగారింటికి పో," అంటూ బిక్షమ్మ సంచి సర్దసాగింది. తిరుమల ఏడుపందుకుంది.

నేను అడ్డం పోయాను. "గీ కోరికకు ఎనకటి నుంచే పేరున్నదే. దోహదం! నిఘంటుల చదివిన. తల్లిదొక గుండె, బిడ్డదొక గుండె, రెండు గుండెల కోరికని దౌహృదమన్నరు, అదే దోహదమైంది. చెట్టు పూయాల్నంటే ఆడామె కాలు తగలాల్నట, గదీ దోహదమే! ఇప్పుడు పేపరోళ్లు రోడ్లకూ ఫ్యాక్టరీలకూ వాడుతున్నరు గానీ..."

"చెట్ల ముచ్చట జర బంజెయ్యి." బిక్షమ్మ సంచిలోని చీరలు మళ్లీ బయటికి తీసింది. "లే బిడ్డా, రక్తం తక్కువున్నదేమో, దవాఖానల సూపిద్దాం."

గడప దగ్గర ఆగి నా వైపు తిరిగింది. "పోరడు కడుపుల ఉన్నప్పుడు నేను సున్నం గోడ గీకి తింటే, పిచ్చి లేచిందని తల్లిగారింట్ల దింపొచ్చినవు. గీ ముచ్చట అప్పటికి చదువలేదా?"

చదివే ఉన్నాను. వంగి రంజన్ పెంకులు ఏరసాగాను.