చూసీ చెప్పనిది

ఫోటోలో మళ్ళీ చుక్కకు బదులు గీతే పడింది. సొలొమోను ఆ ఫోటోను ముక్కలుగా చింపి మేడ మీంచి విసిరేశాడు.

అయిదు నెలలుగా ఇదే వరస. ఉద్యోగం మానేసి బెజవాడ భవానీపురంలో ఇల్లు తీసుకున్నాడు. పొద్దుగూకితే మేడ మీదే. కావలసింది ఒక్కటే. తుపానును పైనుంచి ఫోటో తీసిన ఉపగ్రహాన్ని, తను కింది నుంచి ఫోటో తీయాలి.

తుపాను ఫోటో 1977 చివర్లో పేపర్లో వచ్చింది. సముద్రం మీద తెల్లటి సుడి. ఉప్పెనకు రెండు రోజుల ముందు తీసిందట. చల్లపల్లి అవతల, సముద్రం పక్క ఊళ్ళో అతని భార్య మార్త, ఇద్దరు పిల్లలు ఆ ఉప్పెనలో పోయారు. ఆ పూట బెజవాడలో ఉండబట్టి సొలొమోను మిగిలాడు.

"రెండు రోజుల ముందే చూసింది. చూసి ఊరుకుంది. దాని మొహం నేను చూడాలి" అంటాడు.

పక్కింటి వెంకటకృష్ణారావు ఫిజిక్స్ లెక్చరరు. సొంతంగా చేసుకున్న టెలిస్కోపు తెచ్చి, దాని గొట్టానికి కెమెరా బిగించి ఇచ్చాడు. ఆ ఉపగ్రహం ఏ సాయంత్రం ఎటు నుంచి వస్తుందో లెక్క కట్టి చెప్పాడు. అంత దూరాన మొహం కనపడదని, చుక్క దక్కితే గొప్పేనని కూడా చెప్పాడు. సొలొమోను అతని మీదా విరుచుకుపడ్డాడు. మబ్బు పడితే మబ్బును తిట్టాడు.

"నక్షత్రాలను వదిలేయండి. గొట్టాన్ని దాని వెంటే తిప్పండి. అది చుక్కగా నిలుస్తుంది, నక్షత్రాలే గీతలవుతాయి" అన్నాడు లెక్చరరు ఓపిగ్గా.

మే నెలలో ఒక సాయంత్రం వాన వెలిసింది. సొలొమోను ఊపిరి బిగబట్టి, నలభై సెకన్లు గొట్టాన్ని చేత్తో తిప్పాడు. రీలు కడిగితే నక్షత్రాలన్నీ గీతలు. నడుమ ఒకే ఒక్క తెల్లటి చుక్క.

"పట్టారండీ" అన్నాడు లెక్చరరు సంతోషంగా.

సొలొమోను నవ్వలేదు. ఫోటో తీసుకెళ్ళి అత్తగారు శౌరమ్మ ముందు పడేశాడు. కూతురు పోయినప్పటి నుంచి అతనికి వండిపెడుతున్నది ఆవిడే.

"ఇదే అత్తయ్యా, మనవాళ్ళను చంపింది."

శౌరమ్మ ఆ చుక్కను వేలితో తాకి చాలాసేపు చూసింది.

"అంత ముందు చూసిందే, ఒక్కరికన్నా చెప్పలేదా నాయనా?"

"ఎవ్వరికీ చెప్పలేదు" అన్నాడు సొలొమోను పళ్ళు బిగించి.

ఉప్పెన ముందురోజు మధ్యాహ్నం వచ్చిన హెచ్చరిక టెలిగ్రాంను, ఏటా వచ్చేదేగా అనుకుని సొరుగులో పడేసి బెజవాడ బస్సెక్కిన ఆ సముద్రం పక్క ఊరి పోస్టుమాస్టరు అతనే.