కాడ కోయని గులాబీలు

కత్తెర చప్పుడు విని, అగరొత్తులు పట్టుకుని నిలబడ్డ రుయ్‌లాన్ గిరుక్కున పక్కకి తిరిగింది.

పక్క సమాధి దగ్గర దువాన్ అనే ముసలాయన. రాతి మీద భార్య ఫొటో. తెచ్చిన పది గులాబీల్లో ఒకదాని కాడ అప్పుడే టక్కున కోసేశాడు.

ఛీ! చింగ్‌మింగ్ పూట, కున్మింగ్ ఊరంతా పెద్దల సమాధులు ఊడ్చి దండం పెట్టుకునే పూట, ఇదేం పాడుపని?

“ఏం తాతా, దొంగలెత్తుకుపోయి మళ్ళీ అమ్ముకుంటారనా? ఈ కొండ మీద అందరికీ ఇదే రోగం. పెట్టిన పువ్వుకి తల నరకడం!”

“దొంగల గొడవ నాకెందుకమ్మా? నాక్కావాల్సింది కాడలు. తడి ఇసుకలో గుచ్చి పైన సీసా బోర్లిస్తే నెలన్నరలో వేళ్ళొస్తాయి. మా ఆవిడ అలా ఎన్ని బతికించిందో!”

“మరి నువ్వో?”

ముసలాయన ముఖం చిన్నబోయింది. “మూడేళ్ళుగా ఒక్కటీ బతకలేదు. నల్లగా కుళ్ళి, జిగురు కారి, ఇల్లంతా ఎలక చచ్చిన కంపు. గేటు దగ్గర కొన్న తాజా పూలేనమ్మా, ఎందుకో మరి! ఈసారైనా ఒక్కటి నాటుకోవాలి. ఈ మోకాళ్ళతో వచ్చే ఏడు ఇన్ని మెట్లు ఎక్కలేను. ఆమెకి పెట్టిన పువ్వే ఇంట్లో పూస్తే, అక్కడే దండం పెట్టుకుంటా.”

రుయ్‌లాన్ అగరొత్తులతో రాతి మీది ఫొటో వైపు చూపించింది.

“పెళ్ళానికి తలకాయలు, నీకు కాడలా? తినేవాళ్ళ ముందు పళ్ళెం లాక్కున్నట్టుంది. ఆవిడ చూస్తూనే ఉంది, సిగ్గనిపించట్లేదూ?”

ముసలాయన ఫొటో వంక చూశాడు.

“అంతేనంటావా?”

“నిండుగా ఉంచు తాతా. నేనిక్కడే ఉంటాగా, చూసుకుంటాను.”

ఆయన కత్తెర జేబులో పెట్టుకున్నాడు. కోసిన కాడను కూడా రాతి మీదే వదిలేశాడు. మిగిలిన తొమ్మిదింటినీ నిటారుగా సర్ది, మూడుసార్లు వంగి, రుయ్‌లాన్‌కు కూడా ఒక దండం పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

ఆయన మలుపు దాటగానే, రుయ్‌లాన్ కాడ తెగిన పువ్వొక్కటి వదిలేసి, తొమ్మిది గులాబీలనూ సంచిలో మిగతా సమాధుల పూల పక్కన వేసుకుని, గేటు దగ్గర పూలమ్మే కూతురికి ఆ పూటకు మూడోసారి అందించడానికి అడ్డదారిన దిగింది.