సాలమ్మ సముద్రం

"నేను జెప్ప! సముద్రం మొఖమే సూడనిదాన్ని, ఓడెక్కిన్నని ఎట్ల జెప్పాలె?"

సాలమ్మ బియ్యం చాటను ఠక్కున కింద పెట్టింది. ఓదెలు గడియారం చూసుకున్నాడు. పదయింది. పదకొండుకు విచారణ ఆఫీసరు అలియాబాద్‌లోని ఈ ఇంటికే వస్తున్నాడు.

"మెల్లగ మాట్లాడవే! నువ్వు జెప్పకపోతే నా నౌకరి పోతది. రెండేండ్లయితే పెన్షన్. భవిత కాలేజి ఆగుతది. ఇగ నీ ఇష్టం."

కూతురి పేరెత్తగానే సాలమ్మ మెత్తబడింది. ఓదెలు పనిచేసే కార్పొరేషన్‌లో నాలుగేళ్లకోసారి భార్యాభర్తలిద్దరికీ ఆఫీసు ఖర్చుతో విహారయాత్ర. వెళ్లేవాళ్లు వెళతారు. వెళ్లనివాళ్లు దొంగ టికెట్లు పెట్టి డబ్బు తీసుకుంటారు. కిందటేడు, అంటే తొంభై ఏడులో, తనూ ఆ పనే చేశానని ఓదెలు నిన్ననే బయటపెట్టాడు. అదీ ఆఫీసరు వస్తున్నాడని తెలిశాక. లేకపోతే ఆ మహానుభావుడు నోరు విప్పేవాడా!

"గా పది దినాలు నువ్వు క్యాంపని నిజామాబాద్ పోయినవ్ గద?"

"పోయిన. బిల్లు మాత్రం మనిద్దరం కార్ల కొచ్చిన్ దాకా, ఆడికెల్లి ఓడల లక్షదీవులకు పోయినట్టు పెట్టిన. అందరు పెడుతున్రు, నేను గూడ పెట్టిన. తప్పయింది. జల్దీ ఇను ఇప్పుడు."

పాఠం మొదలుపెట్టాడు.

"కర్నూలు కాడ కారు పంచరైంది. ఓడల మన గదికి గుండ్రటి కిటికీ ఉంది. రెండో దినం నీకు కడుపుల దిప్పి కక్కుకున్నవ్. ఓడ డాక్టరు సూదేసిండు."

"నేనెందుకు కక్కుకుంట? మేడ్చల్ దాకా డొక్కు బస్సుల నిలవడి పోయినా నాకేం గాదు."

"కక్కుకున్నవని జెప్పరాదే!"

"గియన్ని నీకెట్ల ఎర్క?"

"మా ఆఫీసు పరమేశ్ పెండ్లాన్ని తీస్కోని నిజంగనే పోయొచ్చిండు. ఆయననే అడిగి తెలుసుకున్న."

సాలమ్మకు కడుపు మండింది. "పరమేశ్ పెండ్లాన్ని తోల్కపోయిండు. నన్నెందుకు తోల్కపోలే నువ్వు?"

"వచ్చే ఏడు తోల్కపోత. ఒట్టు."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ వచ్చే ఏడు ఒక్కసారీ రాలేదు. వానాకాలంలో శామీర్‌పేట చెరువు నిండితే కట్ట మీద నిలబడి, సముద్రం దీనికి ఎన్నింతలుంటుందో అని లెక్కలేసుకోవడమే ఆమె చేసిన విహారం.

పదకొండు కొట్టేసరికి జీపు వచ్చింది. ఆఫీసరు యజ్ఞనారాయణ కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. "భయపడకండమ్మా. యాత్ర ఎలా జరిగిందో చెప్పండి."

ఎన్నడూ అబద్ధమాడని మనిషి, కూతురి కోసం గడగడా చెప్పేసింది. పంచరు చెప్పింది. కిటికీ చెప్పింది. వాంతులూ సూదీ చెప్పింది. ఆఖరున, ఓదెలు నేర్పనిది కూడా ఒకటి చెప్పింది.

"అన్ని నీళ్లే సారూ. ఏ దిక్కు జూసినా కట్ట లేదు."

యజ్ఞనారాయణ నవ్వాడు. రాసుకోవడం పూర్తిచేసి ఓదెలు వైపు తిరిగాడు.

"మీ ఆఫీసులో పదిహేను మంది బిల్లులు తిరగేశాను ఓదెలు గారూ. పద్నాలుగు దొంగవే. ఆ పరమేశ్ అయితే భార్యతో సహా ఊరి పొలిమేర దాటలేదు. మీరొక్కరే నిజంగా వెళ్లొచ్చారు."

ఓదెలు రెండు చేతులూ జోడించాడు. సాలమ్మ మాత్రం ఉలిక్కిపడి మొగుడి మొహం చూసింది. పరమేశ్ పోనే లేదా? మరి ఆ గుండ్రటి కిటికీ ఎవరు చూశారు?

"ఓడవాళ్ల రిజిస్టరు కాపీ కూడా తెప్పించాను. మీరిద్దరూ ఎక్కినట్టే ఉంది. ఇదిగో, డాక్టరు దగ్గర సూది వేయించుకుని మీరు చేసిన సంతకం." ఆయన ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. "సాలమ్మ అని ఎంత చక్కగా రాశారమ్మా! ముత్యాల్లాంటి అక్షరాలు."

సాలమ్మ ఆ రాత వైపు చూస్తూ ఉండిపోయింది. ఓడలో కడుపు తిప్పిన ఆడది ఎవరో ఆమెకు తెలియదు. ఎవతో తన పేరు పెట్టుకుని, తన మొగుడి పక్కన నిలబడి, తను చూడాల్సిన సముద్రాన్ని చూసొచ్చిందని మాత్రం తెలిసింది.

ఓదెలు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"మీరు చెప్పిందంతా ఇందులో రాశాను" అంటూ ఆఫీసరు ఇంకో కాగితం ముందుకు జరిపి, పెన్ను మూత తీసి అందించాడు. "కింద అదే సంతకం చేసేయండి. నా పనైపోతుంది."

"ఇటియ్యిండ్రి సార్, లోపట చేపిచ్చుకొస్త" అంటూ ఓదెలు చెయ్యి చాచాడు.

"అలా కుదరదండీ. నా కళ్ల ముందే చేయాలి."

ఓదెలు కళ్లతోనే భార్య కాళ్లు పట్టుకున్నాడు. సాలమ్మ గోడకు వేలాడుతున్న భవిత పుస్తకాల సంచి చూసింది. తర్వాత ఇరవై రెండేళ్ల మొగుణ్ని చూసింది. పెన్నును మెల్లగా పక్కకు జరిపి బొటనవేలు చాచింది.

"నాకు సంతకం రాదు సారూ, ఏలిముద్రే. సిరాడబ్బ తెచ్చిన్రా?"