తలుపు కింద తడి

ముసలాయన గ్లాసు వంచి, బీరంతా నేల మీద పోసేశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన బీరైనా సరే, అలా నేలపాలైతే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది.

"మొదటి గ్లాసుకే ఇంతయితే ఎలా పెద్దాయనా?" అన్నారెవరో.

ఆయన తల వంచుకుని, పారుతున్న బీరునే చూస్తున్నాడు.

డెన్మార్క్‌లో, లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున అక్సెల్ కట్టిన కొత్త ఫ్యాక్టరీ అది. రొట్టె మీద రాసుకునే లివర్ పేస్ట్ అక్కడ చేస్తారు. ఆ శనివారం ఊరందరికీ తలుపులు తెరిచారు. జెండా ఎగరేశారు. ముంగిట్లో గుడ్రున్ బండి మీద వేడి వేడి సాసేజ్‌లు, పక్కనే బీరు పీపాలు. సోమవారం నుంచి తెల్లకోటు లేనివాళ్ళు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు.

ఫ్యాక్టరీని గీసింది ఇంజినీరు టోవె. అది ఆమె మొదటి ఫ్యాక్టరీ. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది.

"ఈ తలుపుకి ఇటు పచ్చి మాంసం, అటు వండిన సరుకు. ఇటు చుక్క అటు పోకూడదు. పోయిందా, తిన్నవాళ్ళ ప్రాణం మీదికొస్తుంది."

ముసలాయన బీరు పోసింది సరిగ్గా ఆ తలుపుకి ఇవతలే.

టోవె గబగబా వచ్చింది.

"ఏంటండీ ఈ పని?"

"చూడమ్మాయ్," అన్నాడు ఆయన నేల మీంచి కళ్ళు తిప్పకుండా. "ఎటు పోతోందో చూడు."

"ఎటు పోతుంది? మురుగు పోయే కాలువ అదిగో, అక్కడుంది."

"నీకు తెలుసు. దానికి తెలియొద్దూ?"

అందరూ గొల్లుమన్నారు. టోవె మొహం ఎర్రబడింది.

"అసలు మీరెవరు? మీ పేరేంటి?"

ఆయన చెప్పబోయి ఆగిపోయాడు.

"ఇంకో గ్లాసు ఇప్పించు. బీరొద్దు, నీళ్ళు చాలు. మళ్ళీ పోసి చూపిస్తా."

"అక్సెల్! ఈయనకి ఎక్కువైనట్టుంది, చూడు."

అక్సెల్ నవ్వుతూ వచ్చి ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పద తాతా, బయట గాలి బావుంది."

అలా నవ్వుతూనే గేటు దాటించేశాడు. ఎవరో గుడ్డ తెచ్చి ఇవతలి నేల తుడిచారు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, టోవె గదులకు తాళాలు వేస్తూ వండిన సరుకు వైపు వచ్చింది. తలుపు పక్కన ఆమె చెప్పు నేలకి అతుక్కుంది.

వంగి వాసన చూసింది. బీరు.

పరుగున వెళ్ళి బకెట్ నిండా నీళ్ళు తెచ్చి, తలుపుకి ఇవతల, పచ్చి మాంసం వైపు పోసింది. నీళ్ళు కాలువ వైపు వెళ్ళినట్టే వెళ్ళి, పక్కకి తిరిగి, తలుపు కింది నుంచి అవతలికి నిదానంగా జారిపోయాయి.

ఆమె బకెట్ అక్కడే వదిలేసి అక్సెల్ దగ్గరికి పరిగెత్తింది.

"నేల పగలగొట్టాలి అక్సెల్. వాలు తప్పింది. తప్పు నాదే."

"సోమవారం లారీలొస్తున్నాయి తల్లీ. గ్లాసుడు బీరు కోసం నేల తవ్వమంటావా?"

"రోజూ కడుగుతారు కదా! ఆ మురుగంతా అటే పోతుంది."

"తలుపు కింద రబ్బరు పట్టీ వేయించు. చాలు."

చాలదని ఆమెకు తెలుసు. అధికారుల దాకా వెళ్ళి, చెప్పాల్సిన చోటల్లా చెప్పింది. పట్టీ వేశారుగా, చూద్దాం అన్నారు. సోమవారం లారీలు వచ్చాయి. గేటు దగ్గర నిలబడి, వెళ్ళే ప్రతి లారీనీ చూస్తూ ఉండటం తప్ప ఆమె చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

క్రిస్మస్ దాటాక ఊళ్ళోని వృద్ధాశ్రమంలో జ్వరాలు మొదలయ్యాయి. అక్కడ రోజూ రై ధాన్యపు రొట్టె మీద రాసి పెట్టేది ఆ లివర్ పేస్టే. నలుగురు పోయారు. ఫ్యాక్టరీకి తాళం పడింది. పరీక్షకు వచ్చినవాళ్ళు రబ్బరు పట్టీ ఊడదీస్తే, రోగక్రిమి దాని కిందే దొరికింది.

టోవె నేరుగా గుడ్రున్ బండి దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజు బీరు ఒలకబోసినాయన ఎవరో నీకు తెలుసా?"

"ఎస్కిలా? తెలియకేం! చుట్టుపక్కల ఏ కొత్త ఫ్యాక్టరీ తెరిచినా వస్తాడు. బీరు తీసుకుంటాడు, చుక్క తాగడు. అన్నిచోట్లా గెంటించుకుంటాడు."

"ఎవరో ఏంటో చెప్పుంటే వినేవాళ్ళం కదా గుడ్రున్!"

"పేరు చెబితే గేటు దగ్గరే ఆపేస్తారు పిచ్చిదానా. ఆయన ఎస్కిల్ బ్రాండ్‌రుప్."



ఆ పేరు తెలియని ఇంజినీరు ఆ దేశంలో లేడు. ఫ్యాక్టరీ ఎలా గీయకూడదో చెప్పడానికి కాలేజీలో చూపించేది, నేల వాలు తప్పి, సరుకు తిన్నవాళ్ళ ప్రాణాలు తీసిన ఒక పాత ఫ్యాక్టరీ బొమ్మ; అది ఆయన గీసిందే. దాని మీద టోవె పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది.

గుడ్రున్ పెనం మీద సాసేజ్ తిప్పుతూ అంది.

"ఇది మీ చదువులో చెప్పారో లేదో, ఆయన ఫ్యాక్టరీ సరుకు తిని మొట్టమొదట పోయింది వాళ్ళావిడే. తను గీసిన ఫ్యాక్టరీదని ముచ్చటపడి, రొట్టె మీద రాసి తన చేత్తో పెట్టాడట."