నిలువు నామం

బసవపున్నయ్య నుదుటి మీద నిలువు నామం చూసి తెనాలిలో ఆ వీధంతా నోరు తెరిచింది. తాతల నాటి నుంచి పరమ శైవుల ఇల్లది. అడ్డంగా మూడు విభూతి రేఖలు దిద్దుకోనిదే ఆయన పచ్చిగంగ కూడా ముట్టేవాడు కాదు.

ఇదంతా ఆయన మేడ మీద అద్దెకున్న పూర్ణచంద్రరావు వల్ల వచ్చింది. డాక్టరేటు చేతికొచ్చినా ఇంకా పరిశోధన వదలని మనిషి. పుట్టిన ప్రాణికి మెదడు చూపునెలా నేర్పుతుందో కనిపెట్టాలని 1973లో ఒక గదికి నాలుగువైపులా నిలువు చారలు వేయించి, కళ్ళు తెరవని పిల్లికూనను అందులో పెట్టాడు. పాలు పట్టే గంటసేపే వెలుతురు. మిగతాదంతా చీకటి. మూణ్ణెల్లు నిలువు గీతలే చూసిన కూనకు అడ్డగీతలు కనపడవని తేల్చాలి.

ఇంతలో అతనికి బాపట్లలో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున్నే రైలెక్కి రాత్రికి తిరిగి రావాలి.

"పాలు మీరే పట్టాలి బాబాయిగారూ. కానీ ఆ అడ్డబొట్టుతో లోపలికి వెళ్ళకూడదండి."

"మరేం చెయ్యమంటావ్?"

"నిలువు నామం పెట్టుకోండి. నా బతుకు మీ నుదుటి మీదుందండి."

బసవపున్నయ్య ససేమిరా అన్నాడు. మర్నాడు పొద్దున కూన ఆకలికి ఏడుస్తుంటే వినలేక, నామం దిద్దుకుని మేడెక్కాడు. మెట్లు వీధివైపు ఉన్నాయి. అందరి కంటా పడ్డాడు. శివాలయంలో పలకరింపులు ఆగిపోయాయి. భార్య దుర్గాంబ రేపల్లెలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

మూణ్ణెల్లకు ఫలితం చూడటానికి పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. పూర్ణచంద్రరావు కూన ముందు కర్రను నిలువుగా పట్టుకుని ఊపాడు. కూన ఆవలించింది. అడ్డంగా పట్టుకుని ఊపాడు. ఎగిరి పట్టుకుంది. పదిసార్లు ఊపినా అంతే.

"కాగితాలు తిరగేసి రాశావేమో చూసుకోవయ్యా," అని ప్రొఫెసరు వెళ్ళిపోయాడు.

పూర్ణచంద్రరావు బసవపున్నయ్య వైపు తిరిగాడు. "నిజం చెప్పండి బాబాయిగారూ. నామం లేకుండా ఎప్పుడైనా వెళ్ళారా?"

"శివుడి మీద ఒట్టు నాయనా. ఒక్కపూట కూడా లేదు."

ఆ సాయంత్రమే బసవపున్నయ్య రేపల్లె వెళ్ళాడు. దుర్గాంబ గుమ్మంలోనే నిలదీసింది.

"రేపు ఆ పరమేశ్వరుడికి ఏం సమాధానం చెబుతారండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పిచ్చిదానా, దీపం వెలిగినంతసేపూ ఆ కూనని ఒళ్ళో పక్కకి పడుకోబెట్టే పాలు పట్టాను, దాని కంటికి నాది ఎప్పుడూ అడ్డబొట్టే!"