సుద్దగీత

పదిన్నర కాకుండానే కాలర్లమ్మాయికి మళ్ళీ ఆకలేసింది.

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. కడుపుతో ఉంది, ఇప్పుడు అయిదో నెల. పొద్దున్న కడుపునిండా తినే వచ్చింది. అయినా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"బిడ్డ బరువు చాలట్లేదమ్మా. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తింటూ ఉండు," అని పోయిన నెల చెప్పింది డాక్టరమ్మ.

డాక్టరమ్మదేం పోయింది, చెప్పేసింది. ఒంటిగంట బెల్లు మోగేదాకా ఇక్కడ మిషను దగ్గర్నుంచి లేవకూడదు. కుట్టే హాల్లోకి తిండి తేకూడదు. బట్టకు మరకలవుతాయట.

అది చాలనట్టు సుద్దముక్క ఒకతె.

కుట్టిన చొక్కాలు తనిఖీ చేసే మనిషి. తప్పున్న చోట సుద్దతో గీత గీస్తుంది. గీత పడిన చొక్కాను కుట్టినవాళ్ళే వెనక రిపేరు గదికి తీసుకెళ్ళి విప్పి కుట్టాలి. ఆవిడ నవ్వదు, పలకదు. అందుకే ఆ పేరు పెట్టారు.

నెల రోజులుగా రోజూ పదిన్నరకీ, మూడున్నరకీ కాలర్లమ్మాయి ఒళ్ళో రెండు చొక్కాలు పడేస్తోంది.

"తప్పెక్కడండీ?"

"విప్పి కుట్టు. వెళ్ళు."

రిపేరు గదిలో గుండీలు కుట్టే ముసలావిడ ఉంటుంది. అందరికీ పిన్నే.

ఈమెను చూడగానే డబ్బా మూత తీసి ముందుకు తోసేది. ఉడికించిన గుడ్డో, అరటిపండో, గుప్పెడు వేరుసెనగలో.

"మిగిలాయిలే, తిను."

తింటూ కాలర్లమ్మాయి సుద్దముక్కను తిట్టిపోసేది.

"ఏడేళ్ళుగా కుడుతున్నా పిన్నీ. నా కుట్టుకు వంక పెట్టినవాళ్ళు లేరు. కడుపుతో ఉన్నానని సాగనంపాలని చూస్తోంది."

పిన్ని డబ్బాను ఇంకాస్త దగ్గరకు జరిపేది.

ఇంతలో, రిపేర్లు ఎక్కువున్నవాళ్ళను తీసేస్తారని పుకారు పుట్టింది. కాలర్లమ్మాయికి భయం పట్టుకుంది. కాన్పుకి ముందే పని పోతే ఏం తిని బిడ్డను కంటుంది?

ఆ రోజు గీతలు పడిన చొక్కాలను విప్పకుండా నేరుగా మేనేజరు బల్ల మీద పెట్టింది.

మేనేజరు అటూ ఇటూ తిప్పి చూశాడు. రిపేరు పుస్తకం తిరగేశాడు.

"కుట్టు శుభ్రంగా ఉందే. పుస్తకంలో నీ మిషను నంబరే లేదు."

సుద్దముక్కను పిలిపించాడు.

"రాయకుండా, మంచి చొక్కాలకు గీతలెందుకు గీశారు?"

ఆవిడ కాలర్లమ్మాయి పొట్ట వంక ఒక్కసారి చూసింది.

"పొరపాటైందండీ."

"నెల రోజులా?"

"అవునండీ."

సాయంత్రానికల్లా ఆవిడను తీసేశారు. పీడ వదిలిందని కాలర్లమ్మాయి ఇంటికెళ్ళి మొగుడికి గొప్పగా చెప్పుకుంది.

మర్నాడు పదిన్నర అయింది. ఒళ్ళో చొక్కాలు పడలేదు.

పదకొండు దాటింది. ఆకలికి సూది రెండుగా కనిపించింది. ఇక ఆగలేక, గీత లేని చొక్కా పట్టుకునే రిపేరు గదికి నడిచింది.

"పిన్నీ, ఏమైనా ఉందా?"

పిన్ని ఖాళీగా ఉన్న అర వైపు వేలు చూపించింది.

"డబ్బా ఏదీ?"

"ఆవిడ తీసుకెళ్ళిపోయిందమ్మా."

"ఎవరు?"

"గీతలు గీసే ఆవిడే. ఆ డబ్బా ఆవిడది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది."

కాలర్లమ్మాయి చొక్కా పట్టుకుని అలాగే చతికిలపడింది. నెల రోజులుగా తిన్నదంతా ఆవిడ పెట్టిందే. తన చేత్తో తానే ఆవిడ నోటి కూడు తీసేసింది.

"నాకెందుకు పెట్టింది పిన్నీ? నేనేమవుతానని?"

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"పదేళ్ళ కిందట నీ మిషను ఆవిడదేనమ్మా. ఆరో నెలలో, ఒంటిగంట బెల్లు కోసం చూస్తూ చూస్తూ దాని మీదే ఒరిగిపోయింది. బిడ్డ దక్కలేదు."